ట్యూబ్ గిటార్ ఆంప్ కిట్‌లో మనకు కావలసిన నాదం కోసం మార్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో ఏ కిట్ గురించి చెబుతున్నారు?

ఫెండర్ సంస్థ 1950ల ద్వితీయార్ధంలో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో తయారుచేసిన చాంప్ ఆంప్‌కు 5ఎఫ్1 అనే సర్క్యూట్ ఉంది. నేడు దొరికే చిన్న కిట్లలో చాలావాటికి అదే మూలం. అందులో మూడే ట్యూబులు ఉంటాయి: సిగ్నల్‌ను రెండు దశల్లో పెంచే ఒక 12ఏఎక్స్7, స్పీకర్‌ను నడిపే ఒక 6వీ6, ఏసీని డీసీగా మార్చే ఒక 5వై3 రెక్టిఫయర్. శక్తి సుమారు 5 వాట్లు. వాల్యూమ్ నాబ్ ఒక్కటే ఉంటుంది, టోన్ నాబ్ కూడా ఉండదు. పాత రేడియోలు బాగుచేసిన మన పెద్దలు వీటిని వాల్వులనే పిలిచేవారు. ఇక్కడ ట్యూబ్ అన్నా వాల్వు అన్నా ఒకటే.

నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి సర్క్యూట్ లేదని నా అభిప్రాయం. భాగాలు తక్కువ కాబట్టి ఒక్క కెపాసిటర్ మార్చినా దాని ఫలితం చెవికి నేరుగా తెలుస్తుంది. ఇక్కడ చెప్పిన విలువలన్నీ ఈ సర్క్యూట్‌కే వర్తిస్తాయి. మీ కిట్‌తో వచ్చిన చిత్రంలో విలువలు వేరుగా ఉంటే ఆ చిత్రాన్నే ప్రమాణంగా తీసుకోండి.

లోపల చేయి పెట్టడం ఎంత ప్రమాదకరం?

ప్రాణం పోయేంత ప్రమాదకరం. ప్లగ్గు తీసేసినంత మాత్రాన ఆ ప్రమాదం తొలగిపోదు. ఈ చిన్న ఆంప్‌లో కూడా ఫిల్టర్ కెపాసిటర్ల (డీసీలో మిగిలిన అలలను చదునుచేసేవి) మీద సుమారు 350 వోల్టుల డీసీ నిలిచి ఉంటుంది, స్విచ్ ఆపేశాక కూడా ఆ విద్యుత్తు అక్కడే మిగిలి ఉండవచ్చు. పని మొదలుపెట్టే ప్రతిసారీ పాటించవలసిన క్రమం ఇది. ముందు ప్లగ్గును గోడనుంచి పూర్తిగా తీసేయండి. తరువాత 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌ను రెండువైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో మొదటి ఫిల్టర్ కెపాసిటర్ పాజిటివ్ కొనకూ ఛాసిస్‌కూ (భాగాలన్నీ బిగించిన లోహపు పెట్టె) మధ్య కొన్ని క్షణాలు ఉంచండి. ఆపైన ప్రతి ఫిల్టర్ కెపాసిటర్ మీదా మల్టీమీటర్ పెట్టి, వోల్టేజ్ నిజంగా దిగిపోయిందని కంటితో చూశాకే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే పాత అలవాటు వద్దు. నిప్పురవ్వలు లేస్తాయి, కెపాసిటర్లూ పాడవుతాయి.

ఆంప్ నడుస్తుండగా కొలవవలసి వస్తే మీటర్ నల్ల వైరును ముందే ఛాసిస్‌కు క్లిప్ చేసి, ఒక్క చేత్తో మాత్రమే కొలవండి. ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు ఈ పని చేయకండి. మూడు పిన్నుల ప్లగ్గులోని ఎర్త్ వైరు ఛాసిస్‌కు విడిగా, గట్టిగా బిగించిన బోల్టు మీద ఉండాలి. గోడలోని సాకెట్‌కు నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించుకోండి. గిటార్ తీగలు ఆ ఛాసిస్‌కే కలిసి ఉంటాయి కాబట్టి, లోపల ఏదైనా తేడా వచ్చినప్పుడు మీ వేళ్ళను కాపాడేది ఆ ఎర్త్ వైరే.

అమెరికా నుంచి తెప్పించిన కిట్‌ను మన 230 వోల్టుల మీద వాడవచ్చా?

పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏమి రాసి ఉందో దాన్నిబట్టి ఉంటుంది. 120 వోల్టుల ప్రైమరీ (గోడ సరఫరా వచ్చే చుట్ట) మాత్రమే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను మన సాకెట్‌లో పెట్టకూడదు. చాలా కిట్లలో 120, 240 రెండింటికీ పనికివచ్చే ప్రైమరీ ఉంటుంది, ఆర్డర్ పెట్టేటప్పుడే దాన్ని అడిగి తీసుకోవాలి. అమెరికాలో సరఫరా 60 హెర్ట్జ్, ఇక్కడ 50 హెర్ట్జ్. కేవలం 60 హెర్ట్జ్ కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ను స్టెప్‌డౌన్ (వోల్టేజ్ తగ్గించే) ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా వాడినా అది ఎక్కువ వేడెక్కుతుంది. నాకు ఒక దుకాణం 240 అని చెప్పి 120 ట్రాన్స్‌ఫార్మర్ పంపింది. బిగించే ముందు దాని మీది కాగితం చదివాను కాబట్టి సరిపోయింది. మీరు కూడా డబ్బా విప్పగానే ముందు ఆ కాగితం చదవండి.

కిట్ బిగించేటప్పుడే మార్పులు చేసేయవచ్చు కదా?

చేయకండి. ముందు చిత్రంలో ఉన్నది ఉన్నట్టు బిగించి, ప్రతి పిన్ను మీది వోల్టేజ్ కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుని, కనీసం రెండు వారాలు వాయించండి. మొదటినుంచే మార్పులతో బిగిస్తే, తరువాత వచ్చిన చెడు శబ్దం మార్పువల్ల వచ్చిందా, సరిగా అంటని సోల్డర్ వల్ల వచ్చిందా అన్నది తేల్చుకోవడం కష్టం. నా మొదటి ఆంప్‌లో స్వరం ఆగాక చిటపటమనేది. కెపాసిటర్ నాసిరకం అనుకుని రెండు మార్చాను. చివరికి ఎండిన వెదురుపుల్లతో ఒక్కో జాయింటునూ మెల్లగా తడుతూ పోతే, 12ఏఎక్స్7 సాకెట్ రెండో పిన్ను దగ్గర పుల్ల తగలగానే స్పీకర్ ఠప్పుమంది. అద్దంతో చూస్తే సోల్డర్ మెరవకుండా బూడిదరంగులో, పిన్ను చుట్టూ వెంట్రుకంత సందుతో కనిపించింది. ఐరన్ నాలుగు సెకన్లు ఆనించగానే చిటపట పోయింది.

ఆ రెండు వారాల్లో మీకు నచ్చనిదేమిటో మామూలు మాటల్లో రాసుకోండి. "టోన్ బాగాలేదు" అని రాస్తే ప్రయోజనం లేదు. "వాల్యూమ్ సగం దాటాక ఆరో తీగ ముద్దగా వినిపిస్తోంది, మొదటి తీగ బాగానే ఉంది" అని రాస్తే ఏ భాగం ముట్టుకోవాలో ఆ వాక్యమే చెబుతుంది.

వాల్యూమ్ పెంచితే మంద్ర స్వరాలు ముద్దగా అయిపోతున్నాయి. ఏమి చేయాలి?

అన్నింటికంటే ఎక్కువమంది అడిగేది ఈ ప్రశ్నే. ఈ పేజీలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది కూడా దీని జవాబులోనే ఉంది. డిస్టార్షన్ (ట్యూబు హద్దు దాటి స్వరం విరిగి గరుకుగా మారడం) ఎంత వస్తోంది అన్నదానికంటే, డిస్టార్షన్ వచ్చే చోటికి చేరేముందు బేస్ (మంద్రం) ఎంత మిగిలింది అన్నదే నాదాన్ని నిర్ణయిస్తుంది. తీగల్లో ఎక్కువ శక్తి మంద్ర స్వరాలదే. అవి మొత్తంగా 6వీ6 గ్రిడ్‌కు (సిగ్నల్ ట్యూబులోకి వచ్చే కొన) చేరితే ట్యూబు వాటికే తలవంచుతుంది, పైస్వరాలు వాటితోపాటు నలిగిపోతాయి. అదే బేస్‌ను ముందు దశలో కొంచెం తగ్గించి పంపితే, ట్యూబు మధ్యస్వరాల మీద సమంగా విరుస్తుంది. అప్పుడు మీరు మీటిన తీగకూ వినబడిన స్వరానికీ మధ్య స్పష్టత తిరిగి వస్తుంది.

బేస్ తగ్గించడానికి సులువైన చోటు, ఒక దశ నుంచి తరువాతి దశకు సిగ్నల్‌ను దాటించే కప్లింగ్ కెపాసిటర్. కెపాసిటరూ దాని తరువాతి రెసిస్టరూ కలిసి ఒక ఫిల్టర్ అవుతాయి. 1ని 2π, రెసిస్టర్ ఓమ్‌లు, కెపాసిటర్ ఫారడ్‌ల లబ్ధంతో భాగిస్తే, బేస్ ఎక్కడినుంచి తగ్గడం మొదలవుతుందో వస్తుంది. 6వీ6 ముందున్న 0.022 మైక్రోఫారడ్‌కు 220 కిలో ఓమ్‌లతో అది సుమారు 33 హెర్ట్జ్. గిటార్ ఆరో తీగ 82 హెర్ట్జ్ కాబట్టి, బేస్ మొత్తం నిరాటంకంగా వెళ్ళిపోతోందన్నమాట. అక్కడ 0.01 పెడితే 72 హెర్ట్జ్, 0.0047 పెడితే 154 హెర్ట్జ్ అవుతుంది. మొదటి దశ తరువాతి 0.022కు ఎదురుగా 1 మెగా ఓమ్ వాల్యూమ్ నాబ్ ఉంది కాబట్టి అక్కడ 7 హెర్ట్జ్ మాత్రమే. ఆ చోట 0.0022 వేస్తే 72కు వస్తుంది.

నేను మొదట వాల్యూమ్ నాబ్ ముందున్నదాన్నే మారుస్తాను. అక్కడ తగ్గించిన బేస్ రెండో దశకూ, 6వీ6కూ, రెండింటికీ తగ్గుతుంది. నా ఆంప్‌లో 0.022 తీసి 0.0022 పెట్టిన సాయంత్రం, మునుపు ఆరో తీగ మీద అట్టపెట్టెను తట్టినట్టు వచ్చిన శబ్దం స్థానంలో తీగ కంపనమే వినిపించింది. తక్కువ వాల్యూమ్‌లో మాత్రం నాదం కొంత పలచబడింది, ఆ సంగతి దాచను. అందుకే నేరుగా 0.001కి దిగకుండా మెట్టుమెట్టుగా వెళ్ళమంటాను. కెపాసిటర్లు 400 వోల్టులకు తక్కువ కాకుండా, వీలైతే 630 వోల్టులవి కొనండి.

ముద్దతనానికి ఇంకో కారణం కూడా ఉండవచ్చు. 6వీ6 గ్రిడ్ బాగా ఒత్తిడికి లోనైనప్పుడు కొంత కరెంటు తీసుకుంటుంది, ఆ కరెంటుతో కప్లింగ్ కెపాసిటర్ చార్జ్ అయి ట్యూబును క్షణకాలం మూసేస్తుంది. గట్టిగా మీటిన వెంటనే స్వరం మునిగి తేలినట్టు ఉంటే ఇదే జరుగుతోంది. కెపాసిటర్ చిన్నదైతే ఆ చార్జ్ త్వరగా దిగుతుంది. దానితోపాటు 6వీ6 గ్రిడ్‌కు, అంటే ఐదో పిన్నుకు ఆనించి కొన్ని కిలో ఓమ్‌ల రెసిస్టర్ (దీన్నే గ్రిడ్ స్టాపర్ అంటారు) వేస్తే ఇంకా తేటపడుతుంది.

కాథోడ్ బైపాస్ కెపాసిటర్ అంటే ఏమిటి? దానితో గెయిన్ (సిగ్నల్ పెంపు) ఎంత పెరుగుతుంది?

12ఏఎక్స్7 కాథోడ్‌కూ (ట్యూబులో ఎలక్ట్రాన్లు బయలుదేరే కొన) ఛాసిస్‌కూ మధ్య 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. సిగ్నల్ పెరిగినప్పుడు ఆ రెసిస్టర్ మీది వోల్టేజ్ కూడా పెరిగి ట్యూబును కొంత వెనక్కి లాగుతుంది. ఆ రెసిస్టర్‌కు పక్కగా ఒక కెపాసిటర్ వేస్తే సిగ్నల్‌కు దారి దొరికి, ఆ లాగుడు పోతుంది. ప్లేట్ (పెరిగిన సిగ్నల్ బయటికి వచ్చే కొన) రెసిస్టర్ 100 కిలో ఓమ్‌లైతే బైపాస్ లేకుండా ఆ దశ సిగ్నల్‌ను సుమారు 32 రెట్లు, బైపాస్ ఉంటే సుమారు 61 రెట్లు పెంచుతుంది. డెసిబెల్స్‌లో చెప్పాలంటే తేడా 6కు కొంచెం తక్కువ.

కెపాసిటర్ విలువలోనే అసలు కిటుకు ఉంది. 25 మైక్రోఫారడ్ వేస్తే మంద్రం నుంచి తారం దాకా అన్నీ సమంగా పెరుగుతాయి. 0.68 మైక్రోఫారడ్ వేస్తే, సుమారు 150 నుంచి 300 హెర్ట్జ్ మధ్య పెరుగుదల క్రమంగా మొదలై పైస్వరాలకు పూర్తిగా అందుతుంది, మంద్రం మాత్రం దాదాపు పాత స్థాయిలోనే ఉండిపోతుంది. గెయిన్ కావాలి, ముద్దతనం వద్దు అనుకునేవారికి 0.68, ఒకే పికప్ ఉన్న పలచని గిటార్ వాయించేవారికి 25 నేను సూచిస్తాను. చిన్న టాగుల్ స్విచ్ పెట్టుకుంటే రెండూ అందుబాటులో ఉంటాయి. స్విచ్ తిప్పినప్పుడు ఠప్పుమనకుండా, కెపాసిటర్‌కు వరుసగా స్విచ్ పెట్టి, ఆ స్విచ్ మీదుగా 1 మెగా ఓమ్ వేయండి.

మొదటి దశకు చెప్పిన మాట రెండో దశకు వర్తించదు. ఈ సర్క్యూట్‌లో స్పీకర్ నుంచి వచ్చే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (బయటికి వచ్చిన సిగ్నల్‌లో కొంత వెనక్కి పంపి పెంపును అదుపుచేయడం) రెండో దశ కాథోడ్ మీదికే వస్తుంది. అక్కడ బైపాస్ కెపాసిటర్ వేస్తే ఆ ఫీడ్‌బ్యాక్ ఛాసిస్‌లోకి పోయి పనిచేయకుండా ఆగిపోతుంది. తెలిసి చేస్తే ఫరవాలేదు కాని, తెలియక చేసి "గెయిన్ అనుకున్నదానికంటే చాలా పెరిగింది" అని ఆశ్చర్యపోయినవారిని చూశాను.

ఈ చిన్న ఆంప్‌లో మార్షల్ లాంటి గర్జన వస్తుందా?

5 వాట్ల ఒంటరి 6వీ6తో అచ్చంగా రాదు, కాని ఆ దిశగా చాలా దూరం వెళ్ళవచ్చు. లండన్‌లో జిమ్ మార్షల్ బృందం 1962లో చేసిన మొదటి ఆంప్, ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఏ సర్క్యూట్‌ను ఆధారం చేసుకున్నదే. తరువాత వచ్చిన మార్షల్ లీడ్ ఆంప్‌ల పదునైన ఛానెల్‌లో మొదటి దశకు 2.7 కిలో ఓమ్‌ల కాథోడ్ రెసిస్టర్, 0.68 మైక్రోఫారడ్ బైపాస్, ఆపైన 0.0022 కప్లింగ్ కెపాసిటర్ ఉంటాయి. ఆ మూడు విలువలనూ ఒకసారి చూడండి. అంత భారీగా వినిపించే ఆంప్, మొదటి దశలోనే బేస్‌ను తగ్గించి ముందుకు పంపుతోంది. గర్జనలో వినబడే నిండుతనాన్ని తిరిగి ఇచ్చేవి నాలుగు పన్నెండు అంగుళాల స్పీకర్లూ, వాటిని మోసే పెట్టే. మీ కిట్‌లో మొదటి దశకు ఈ మూడు విలువలే పెట్టి, 12 అంగుళాల స్పీకర్‌కు కలిపి వినండి. నేను పైన చెప్పిన మాట అప్పుడు మీ చెవికే తెలుస్తుంది.

నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ తీసేస్తే ఏమవుతుంది?

స్పీకర్ కొననుంచి రెండో దశ కాథోడ్‌కు 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి వెళుతుంది. దాని ఒక కొన విప్పితే ఆంప్ బిగ్గరగా, గరుకుగా, స్పీకర్ మీద పట్టు సడలినట్టుగా వినిపిస్తుంది. తేటస్వరం నుంచి డిస్టార్షన్‌లోకి మారడం త్వరగా మొదలవుతుంది, కాని ఒక్కసారిగా కాక క్రమంగా జరుగుతుంది. బ్లూస్ వాయించేవారికి ఇది సాధారణంగా నచ్చుతుంది. తేటగా వాయించేవారు ఫీడ్‌బ్యాక్ ఉంచుకోవడమే మేలు. ఆ రెసిస్టర్‌కు వరుసగా ఒక స్విచ్ పెడితే నిర్ణయం ప్రతిరోజూ మీ చేతిలో ఉంటుంది.

కొత్తగా బిగించిన ఆంప్ స్విచ్ వేయగానే కీచుమని అరిస్తే, ఫీడ్‌బ్యాక్ తలకిందులైందని అర్థం. ఆంప్ ఆపి, ఫిల్టర్లను ఖాళీచేసి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైర్లు రెండింటినీ అటుదిటు మార్చండి.

ట్యూబులు మార్చి నాదం మార్చవచ్చా?

ప్రీఆంప్ ట్యూబు విషయంలో అదే అన్నింటికంటే సులువైన ప్రయోగం, సోల్డరింగ్ అవసరమే లేదు. 12ఏఎక్స్7 ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (ట్యూబు ఎంత పెంచగలదో చెప్పే అంకె) 100. 5751ది 70, 12ఏవై7ది సుమారు 44. వాల్యూమ్ నాబ్ రెండు దాటగానే విరిగిపోతోందనుకునేవారు 12ఏవై7 పెట్టి చూస్తే నాబ్ మొత్తం ఉపయోగంలోకి వస్తుంది. పాత డబ్బాల మీద ఈసీసీ83 అని కనబడితే అది 12ఏఎక్స్7కు ఐరోపా పేరు. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు తయారుచేసిన వాల్వులు ఇంకా అక్కడక్కడ పాత రేడియో మెకానిక్కుల దగ్గర ఉంటాయి.

పవర్ ట్యూబు విషయం వేరు. 6వీ6 హీటర్‌కు (ట్యూబును లోపల వేడిచేసే తీగ) 0.45 ఆంపియర్లు చాలు, 6ఎల్6కు 0.9 కావాలి. పిన్నులు సరిపోయినంత మాత్రాన చిన్న పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఆ భారం మోయలేదు.

5వై3 బదులు జీజెడ్34 అనే రెక్టిఫయర్ ట్యూబు పెడితే, గట్టిగా వాయించినప్పుడు వినిపించే మెత్తదనం మారుతుందంటారు, నిజమేనా?

ఈ ఆంప్‌లో ఆ మాట సగమే నిజం. రెండు పవర్ ట్యూబులు పుష్‌పుల్‌గా (వంతులవారీగా) పనిచేసే ఆంప్‌లో గట్టిగా వాయించినప్పుడు కరెంటు పెరిగి, రెక్టిఫయర్‌లో వోల్టేజ్ కుంగుతుంది. ఆ కుంగుబాటే మెత్తదనంగా వినిపిస్తుంది. చాంప్‌లోని ఒంటరి 6వీ6 క్లాస్ ఏలో పనిచేస్తుంది కాబట్టి వాయించినా వాయించకపోయినా సగటు కరెంటు పెద్దగా మారదు. అందువల్ల జీజెడ్34 పెడితే ఎక్కువగా మారేది మొత్తం వోల్టేజ్. అది పెరిగి 6వీ6 హద్దు దాటిపోవచ్చు. మొదటి ఫిల్టర్ కెపాసిటర్‌ను పెద్దది చేయడం కూడా 5వై3కి మంచిది కాదు. స్విచ్ వేసిన క్షణంలో అది లాగే కరెంటు ఆ ట్యూబును దెబ్బతీస్తుంది. హమ్ తగ్గించాలంటే రెండో, మూడో ఫిల్టర్లను పెంచండి.

6వీ6 హద్దులో ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఎనిమిదో పిన్ను మీద, అంటే కాథోడ్ మీద వోల్టేజ్ కొలిచి దాన్ని 470 ఓమ్‌లతో భాగించండి. నా కిట్‌లో మొదట 21 వోల్టులు వచ్చింది, అంటే సుమారు 45 మిల్లీఆంపియర్లు. అందులో స్క్రీన్ (6వీ6లోని మరో గ్రిడ్) తీసుకునే మూడింటిని తీసేస్తే ప్లేట్‌కు 42. మూడో పిన్ను మీద 355 వోల్టులున్నాయి కాబట్టి ప్లేట్‌కూ కాథోడ్‌కూ మధ్య 334. రెండింటినీ గుణిస్తే 14 వాట్లు. 6వీ6కు పాత పట్టికల్లో రాసిన హద్దు 12 వాట్లు, తరువాతి పట్టికల్లో 14. అంటే నా ట్యూబు ఖాళీగా కూర్చున్నప్పుడు కూడా అంచు మీదే ఉంది. దీపాలు ఆర్పి చూస్తే ప్లేట్ సీము దగ్గర మందమైన ఎరుపు కనిపించింది. 470 తీసి 680 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ పెట్టాక కాథోడ్ 24 వోల్టులకు, ప్లేట్ 360కు వచ్చాయి. లెక్క 11 వాట్లకు దిగింది, ఎరుపు పోయింది. నాదంలో తేడా నా చెవికి పట్టుబడలేదు. కాథోడ్ వోల్టేజ్ పెరిగింది కాబట్టి దాని పక్కనున్న 25 వోల్టుల కెపాసిటర్‌ను 50 వోల్టులదానితో మార్చాలి. ఈ సంగతి చాలామంది మరచిపోతారు.

టోన్ నాబ్ చేర్చవచ్చా? బ్రైట్ కెపాసిటర్ మాటేమిటి?

చేర్చవచ్చు. చాంప్‌కు అన్నలాంటి ప్రిన్స్‌టన్ 5ఎఫ్2-ఏలో ఇవే ట్యూబులతో ఒక టోన్ నాబ్ ఉంది, దాని చిత్రం చూసి అదే పద్ధతిలో చేర్చుకోండి. బ్రైట్ కెపాసిటర్ అంటే వాల్యూమ్ నాబ్ పైకొనకూ మధ్యకొనకూ మధ్య వేసే 100 పికోఫారడ్ చిన్నది. తక్కువ వాల్యూమ్‌లో పైస్వరాలను నిలబెడుతుంది, నాబ్ పూర్తిగా తిప్పితే దాని ప్రభావం ఉండదు.

స్పీకర్ మార్పు నిజంగా అంత ముఖ్యమా?

ఒక్క మార్పుకే డబ్బుంటే స్పీకర్‌కే పెట్టండి. 8 అంగుళాల స్పీకర్ చిన్న పెట్టెలో ఎంత మంచిదైనా మంద్రాన్ని మోయలేదు. స్పీకర్ సామర్థ్యం 3 డెసిబెల్స్ పెరిగితే, ఆంప్ శక్తిని రెట్టింపు చేసినంత బిగ్గరతనం ఉచితంగా వస్తుంది. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ లాంటి 98 డెసిబెల్స్ పన్నెండు అంగుళాల స్పీకర్‌తో ఈ 5 వాట్లు అపార్ట్‌మెంటులో పక్కింటివారు తలుపు తట్టేంత వినిపిస్తాయి. ఓమ్‌లు మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్‌తో సరిపోవాలి. స్పీకర్ కలపకుండా ఆంప్‌ను ఎప్పుడూ నడపకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే అవకాశం ఉంది.

గిటార్ మీద గమకాలు వాయిస్తాను. నాకు ఏ మార్పులు పనికివస్తాయి?

ఈ ప్రశ్న అడిగేవారు మనవాళ్ళే, అందుకే దీనికి ప్రత్యేకంగా జవాబు రాస్తున్నాను. పాలకొల్లుకు చెందిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని నిలబెట్టగలగడానికి ఆయన విద్వత్తే కారణం. అయితే ఎలక్ట్రిక్ వాద్యం ఇచ్చే నిలకడ కూడా తోడ్పడింది. మీటిన తీగ క్షణంలో చచ్చిపోతే, దాన్ని లాగి పలికించే గమకం సగంలోనే తెగిపోతుంది. అందుకని స్వరం నిలవాలి, అలాగని డిస్టార్షన్ వల్ల అనుస్వరాలు కలిసిపోకూడదు.

ఫీడ్‌బ్యాక్ ఉంచండి. మొదటి దశకు 0.68 బైపాస్, వాల్యూమ్ ముందు 0.0047 కెపాసిటర్ పెట్టి, 6వీ6 విరగడం మొదలయ్యే అంచు దగ్గర నాబ్‌ను ఆపండి. అక్కడ ట్యూబు గట్టి మీటును కొంచెం అణచి, తరువాత వచ్చే స్వరశేషాన్ని పైకి తెస్తుంది. రెండు తీగలు కలిపి మీటితే అంచు దాటి రంపపుకోతలా వినిపిస్తుంది కాబట్టి ఈ అమరిక ఒక్కో తీగ మీద వాయించేవారికే సరిపోతుంది. తోడి, కల్యాణి లాంటి రాగాల్లో గాంధారం ఊపును ఈ అమరికలోనూ, కిట్ వచ్చినట్టే ఉన్నప్పుడూ రికార్డు చేసి పోల్చుకోండి. ఊపు కింది అంచు ఏ అమరికలో స్పష్టంగా వినిపిస్తోందో మీ చెవే చెబుతుంది.

ఖరీదైన కెపాసిటర్లు వాడితే నాదం మెరుగవుతుందా?

నా అనుభవంలో, విలువ ఒకటే అయితే మంచి పాలిప్రొపిలీన్ కెపాసిటర్‌కూ పదిరెట్లు ధర ఉన్నదానికీ తేడా వినబడలేదు. విలువ మార్చినప్పుడు మాత్రం ప్రతిసారీ వినబడింది.

హమ్ తగ్గడం లేదు. ఎక్కడ వెతకాలి?

ముందు ఆ హమ్ ఏ శ్రుతిలో ఉందో వినండి. మన 50 హెర్ట్జ్ సరఫరాలో, రెక్టిఫయర్ తరువాత మిగిలిన అల 100 హెర్ట్జ్ వద్ద ఉంటుంది. హీటర్ వైర్ల నుంచి వచ్చేది 50 వద్ద, ఒక స్థాయి కింద ఉంటుంది. ఫోన్‌లోని ట్యూనర్ ఆప్‌కు వినిపించినా తెలిసిపోతుంది. 100 అయితే ఫిల్టర్ కెపాసిటర్లను చూడండి. 50 అయితే హీటర్ వైర్లను గట్టిగా మెలిపెట్టి ఛాసిస్ మూలకు ఆనించి నడపండి. హీటర్ వైండింగ్‌కు మధ్య ట్యాప్ లేకపోతే రెండు కొనల నుంచీ ఒక్కొక్కటి 100 ఓమ్‌ల రెసిస్టర్ ఛాసిస్‌కు వేయండి. గిటార్ తీసేసినా హమ్ పోకపోతే తప్పు ఆంప్‌లోనిది, పోతే గిటార్ లేదా కేబుల్‌ది.

విడిభాగాలు ఇక్కడ దొరుకుతాయా?

రెసిస్టర్లు, కెపాసిటర్లు, స్విచ్‌లు, టర్మినల్ స్ట్రిప్పులు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. అడిగేటప్పుడు వోల్టేజ్ రేటింగ్ తప్పకుండా చెప్పండి. 50 వోల్టుల కెపాసిటర్ కూడా కంటికి దాదాపు అలాగే ఉంటుంది. ట్యూబులూ, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ మాత్రం సాధారణంగా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసిందే.

మార్పు నచ్చకపోతే పాత స్థితికి తిరిగి వెళ్ళగలనా?

ఒక్కసారికి ఒక్క భాగమే మార్చి ఉంటే సులువుగా వెళ్ళగలరు. తీసిన ప్రతి భాగం కాళ్ళనూ కత్తిరించకుండా, సోల్డర్‌ను కరిగించి పొడవుగానే బయటికి తీయండి. దాన్ని నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీకే టేపుతో అంటించి, ఎక్కడినుంచి తీశారో, దాని స్థానంలో ఏమి పెట్టారో, ఆరో తీగ ఎలా వినిపించిందో పక్కనే రాసిపెట్టండి. నా నోట్‌బుక్ మూడో పేజీలో ఆ 0.022 కెపాసిటర్ ఇంకా అంటుకునే ఉంది. పక్కన "వాల్యూమ్ ఆరు, అట్టపెట్టె శబ్దం" అని రాసి ఉంది.